డాబా తలుపు మీద మస్ట్ నాట్

"సార్, నా పేరెందుకు తుడిచేశారు?"

ఆటస్థలం మధ్యలో నిలబడి చిటపట అనే పిల్ల అరిచినంత పని చేసింది. రిలే పరుగులో ఉన్న పిల్లల పేర్లు బోర్డు మీద రాసి ఉన్నాయి. పొద్దుటి దాకా చివరి పేరు తనదే. ఇప్పుడు అక్కడ వేరే అమ్మాయి పేరుంది.

ఆటల సార్ తలెత్తకుండానే, "పోయిన వారం నీ కాలు బెణికింది కదా. నువ్వు పరుగెత్తకూడదు," అన్నారు.

"తగ్గిపోయింది సార్! స్కూల్ నర్సమ్మ కూడా చూశారు. మెల్లగా పరుగెత్తి చూడొచ్చు, నొప్పి వస్తే ఆగిపో అన్నారు."

"చూడొచ్చు, చెయ్యొచ్చు అంటూ ఉంటే రేపు మళ్ళీ బెణుకుతుంది. నీ మంచికే చెబుతున్నా. వెళ్ళి బెంచీ మీద కూర్చో."

సార్ ఈల ఊదారు. మిగతా పిల్లలు పరుగు అందుకున్నారు. చిటపట బెంచీ మీద కూర్చుని ఉడికిపోయింది.

చిటపట అనే పేరు అమ్మమ్మ పెట్టింది. కోపం వస్తే వేడి పెనం మీద నీళ్ళు పడ్డట్టు చిటపటలాడుతుందని అలా పిలిచింది. చివరికి స్కూల్లో కూడా అదే ఖాయమైపోయింది. చీటికీ మాటికీ అలిగే పిల్లే, కాదనను. కానీ ఈరోజు కోపం మాత్రం న్యాయమైనదే. కాలు ఎవరిది? ఆ పిల్లది. నొప్పి ఉందో లేదో తెలిసింది ఎవరికి? ఆ పిల్లకే. మరి ఆ పిల్లని ఒక్క మాట అడగాలా, వద్దా?

"నన్నొక్క మాట అడిగారా?" అని పక్కనున్న నీళ్ళ సీసాని నిలదీసింది చిటపట. సీసా ఏం చెబుతుంది పాపం!

స్కూలు వదిలాక దారి పొడవునా గొణుగుతూనే నడిచింది. ఒక రాయి అడ్డొస్తే బెణికిన కాలితోనే తన్నింది. నొప్పి పుట్టలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది.

ఆ పిల్ల ఇల్లు చేరేలోగా ఈ వారం ఇంట్లో ఏం జరిగిందో చెప్పేస్తాను.

సోమవారం ఇంగ్లిష్ మేడమ్ మస్ట్, షుడ్, కెన్, మే అనే మాటలు నేర్పారు. "బట్టీ పట్టొద్దు. ఇంట్లో రోజూ పనికొచ్చే వాక్యాలు అట్టముక్కల మీద రాయండి. ఎక్కడ అవసరమైతే అక్కడ అతికించండి. బాగా పనిచేసిన వాక్యాన్ని వచ్చే సోమవారం క్లాసులో చదవండి," అన్నారు.

మేడమ్ అన్ని మాటలూ ఒకే ఓపికతో నేర్పారు. చిటపటకి మాత్రం మస్ట్ ఒక్కటే నచ్చింది. మే, కెన్ మరీ నంగినంగిగా అనిపించాయి. మస్ట్ అంటే చేసి తీరాలి. మస్ట్ నాట్ అంటే చెయ్యనే కూడదు. ఇంక ఎదురుమాట ఉండదు. భలే మాట అనుకుంది.

అంత భలే మాటని ఎవరి మీద వాడాలి? అమ్మా నాన్నా పొద్దున్నే పనికి వెళ్తే చీకటి పడితే గానీ రారు. ఇక దొరికింది అమ్మమ్మే.

అమ్మమ్మ సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. ఎంత కిక్కిరిసిన బస్సైనా సరే, "ముందుకు జరగండి! ఫుట్‌బోర్డు మీద ఎవరయ్యా అది, లోపలికి రా!" అని ఆమె కేకేస్తే ఎంతటివాళ్ళైనా జరగాల్సిందే. ఆమె "హోల్డాన్" అంటే బస్సు ఆగేది. "రైట్ రైట్" అంటే కదిలేది.

ఈమధ్య ఒకరోజు కాలు జారి పడటంతో ఆమె మోకాలికి దెబ్బ తగిలింది. డాక్టరు చూసి, "మెట్లు ఎక్కొచ్చు. కాకపోతే ఎవరినైనా పట్టుకుని మెల్లగా ఎక్కండి," అన్నాడు. ఆ మాట చిటపట కూడా చెవులారా విన్నది. విని ఏం రాసింది?

వాళ్ళది పై అంతస్తు. గుమ్మం పక్కనుంచే డాబా మెట్లు మొదలవుతాయి. వాటికి ఒక గ్రిల్ తలుపుంది. దాని మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో, "యూ మస్ట్ నాట్ క్లైంబ్ ది స్టెప్స్" అని అతికించింది. పొయ్యి దగ్గర, "యూ మస్ట్ నాట్ టచ్ దిస్." అమ్మమ్మ కుర్చీకి, "యూ మస్ట్ సిట్ హియర్." అక్కడితో ఆగితే చిటపట ఎందుకవుతుంది? గ్రిల్‌కి తాళం వేసి, తాళంచెవి తన స్కూలు బ్యాగులో పడేసుకుంది.

అమ్మ ఆ అట్టలు చూసి మురిసిపోయింది. "పిల్ల ఎంత బాధ్యతగా ఉందో చూడమ్మా! ఇంట్లో ఒక్కదానివే ఉన్నప్పుడు ఎక్కకు మరి," అంది.

అమ్మమ్మ మురిసిపోలేదు. వాళ్ళ ఇంటి కిటికీలన్నీ పక్కింటి గోడ వైపే ఉంటాయి. డాబా మీద నుంచి మాత్రం మెయిన్ రోడ్డు కనిపిస్తుంది. అమ్మమ్మ పనిచేసిన బస్సు రోజూ సాయంత్రం ఆ రోడ్డు మీదే వెళ్తుంది. ఏళ్ళ తరబడి ఆమెతో కలిసి పనిచేసిన డ్రైవరే ఇప్పటికీ దాన్ని నడుపుతున్నాడు. ఇంటి ముందుకి రాగానే పాం పాం అని హారన్ కొడతాడు. అమ్మమ్మ పైనుంచి చెయ్యి ఊపుతుంది. రోజూ అదే వాళ్ళ పలకరింపు. ఈ వారమంతా హారన్ మోగింది గానీ, పైనుంచి చెయ్యి ఊపేవాళ్ళే లేకపోయారు.

ఈరోజు పొద్దున అమ్మమ్మ గుమ్మం దాకా వచ్చి అడిగింది.

"ఇవాళైనా తాళంచెవి ఇచ్చి వెళ్ళవే. మా డ్రైవర్ అన్నయ్యకి ఇవాళే ఆఖరి ట్రిప్పు. రేపట్నుంచి ఆయనా ఇంట్లోనే."

"ఫోన్ చేసి మాట్లాడొచ్చుగా అమ్మమ్మా?"

"ఫోన్‌లో చెయ్యి ఊపుతారటే? డాక్టరు కూడా పట్టుకుని ఎక్కొచ్చు అనేగా చెప్పాడు. కిందింటి ఆవిడని తోడు రమ్మంటాను."

చిటపట గ్రిల్ మీది అట్టని వేలితో చూపించింది. "రూలంటే రూలే!" అనేసి చక్కా పోయింది. ఎంత పొగరు! అప్పుడు నేనక్కడ ఉంటే చెవి మెలేసేదాన్ని.

సరే, ఇప్పుడు ఆ పిల్ల ఇంటికొచ్చింది. ఒక బూటు అటు, ఒక బూటు ఇటు విసిరింది.

"అమ్మమ్మా! ఎంత అన్యాయమో తెలుసా!"

అమ్మమ్మ కుర్చీలోనే ఉంది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుంది. మెడలో దారానికి పాత కండక్టరు ఈల వేలాడుతోంది. చిటపట అవేవీ గమనించలేదు.

"ఏమైందే?"

"నన్ను రిలేలోంచి తీసేశారు! కాలు బాగానే ఉంది. నర్సమ్మేమో చూడొచ్చు అంది. ఆటల సారేమో పరుగెత్తకూడదు అని తేల్చేశారు. నా కాలు సంగతి ఆయనకి తెలుసా, నాకు తెలుసా?"

"నీకే తెలుసు," అంది అమ్మమ్మ.

"కదా! పైగా నా మంచికే అట! మంచికైతే మాత్రం, ఎలా ఉందమ్మా అని ఒక్క మాట అడగక్కర్లేదా? నేనేమన్నా మూల పడేసే సామానునా?"

"చాలా అన్యాయం." అమ్మమ్మ గొంతులో వెటకారమేమీ లేదు, మనసారానే అంది. "నర్సమ్మ చూడొచ్చు అన్నాక కాదనడానికి ఆయనెవరు? నీకు ఒళ్ళు మండటంలో తప్పేముంది?"

"మండదా మరి! అందరూ పరుగెడుతుంటే నన్ను తీసుకెళ్ళి కూర్చో అని..."

చిటపట అమ్మమ్మ వైపు తిరిగింది.

అమ్మమ్మ భుజం వెనక, కుర్చీకి అతికించిన అట్ట కనిపించింది. యూ మస్ట్ సిట్ హియర్. ఎర్రటి అక్షరాలు. తన అక్షరాలే. పక్కన తను ముద్దుగా గీసుకున్న నక్షత్రం కూడా ఉంది.

అప్పుడు ఇస్త్రీ బట్టలు కనిపించాయి. మెడలో ఈల కనిపించింది. కిటికీ అవతల పక్కింటి గోడ మీద ఎండ తగ్గిపోతోంది.

"నాకూ వారం నుంచి మండుతూనే ఉందే," అంది అమ్మమ్మ. "బస్సునిండా జనాన్ని నడిపించినదాన్ని. నీ మోకాలు ఎలా ఉందని ఈ ఇంట్లో నన్ను ఒక్కరడిగారా?"

చిటపటకి మళ్ళీ కోపమే వచ్చింది. ఈసారి ఆ కోపం చూపించడానికి ఎదురుగా ఎవరూ లేరు, తను తప్ప.

బ్యాగు తలకిందులుగా దులిపింది. టిఫిన్ డబ్బా దొర్లింది, పెన్సిళ్ళు మంచం కిందికి పోయాయి. ఆఖరున తాళంచెవి పడింది. గ్రిల్ దగ్గరికి పరుగెత్తి, అట్టని పీకి, తాళం తీసింది. మామూలుగా అయితే పద పద అంటూ అమ్మమ్మ చెయ్యి పట్టి లాగేసేదే. ఈసారి వెనక్కి వచ్చి ఎదురుగా నిలబడింది.

"అమ్మమ్మా, మోకాలు ఎలా ఉంది?"

"పొద్దుటి కన్నా నయం."

"నీతో నేను కూడా రావచ్చా? ఎక్కడ పట్టుకోమంటావు?"

అమ్మమ్మ దాని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. "నువ్వు పట్టుకోవద్దు. నీ భుజం ఇవ్వు, నేనే పట్టుకుంటాను. నాకన్నా ఒక మెట్టు ముందు నడువు."

ఒక్కో మెట్టూ ఎక్కారు. తొందరగా అనే మాట చిటపట నాలుక చివరి దాకా వచ్చింది. జాగ్రత్త అనే మాట కూడా వచ్చింది. రెండింటినీ మింగేసింది. మెట్ల మధ్యలో అమ్మమ్మ ఆగి ఊపిరి పీల్చుకుంది.

పాం పాం!

"బస్సు వచ్చేసింది! వెళ్ళిపోతుందేమో అమ్మమ్మా! అంతా నావల్లే!"

"కంగారుపడకు. నడువు," అంది అమ్మమ్మ. ఆమె చెయ్యి మాత్రం భుజాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

డాబా మీదికి చేరి పిట్టగోడ దగ్గరికి వచ్చారు. కింద రోడ్డు పక్కన, స్టాపే లేని చోట బస్సు ఆగి ఉంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి పైకే చూస్తున్నాడు. తల మొత్తం తెల్లబడింది. వెనక బండ్లవాళ్ళు విసుగ్గా హారన్లు కొడుతున్నారు. ఆయన పట్టించుకోలేదు.

అమ్మమ్మ చెయ్యి పైకెత్తి ఊపింది. ఒక చెయ్యి చాలలేదు, రెండూ ఊపింది. ఆయన కూడా చెయ్యి ఊపాడు. అయినా బస్సు కదలలేదు.

"ఇంకా ఎందుకు ఆగాడు అమ్మమ్మా?"

"నేను చెప్పకుండా ఎప్పుడు కదిలాడు గనక!"

అమ్మమ్మ ఈల నోట్లో పెట్టుకుని రెండుసార్లు ఊదింది. తర్వాత వీధంతా వినబడేలా కేకేసింది.

"రైట్! రైట్!"

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. అమ్మమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కిందికి దిగాక చిటపట తాళంచెవిని ఆమె చేతిలో పెట్టింది.

సోమవారం ఇంగ్లిష్ క్లాసులో అందరూ బోలెడు అట్టలు తెచ్చారు. చిటపట దగ్గర ఒక్కటే ఉంది.

"మే ఐ కమ్ విత్ యూ?" అని చదివింది.

"పనిచేసిందా?" అని మేడమ్ అడిగారు.

"చేసింది మేడమ్. మా అమ్మమ్మ రైట్ రైట్ అంది."

క్లాసంతా నవ్వింది. చిటపట కూడా నవ్వింది. బెల్లు కొట్టగానే మాత్రం నవ్వు ఆపి, తిన్నగా ఆటస్థలానికి వెళ్ళింది. సార్ మీద కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాల్సిన పని కూడా లేదు.

"సార్, నా కాలు గురించి మీరు నన్ను అడగకుండానే తీసేశారు. నాకు చాలా బాధేసింది. మీ ముందే ఒక్క రౌండు పరుగెత్తి చూపించొచ్చా? నొప్పి వస్తే నేనే ఆగిపోతాను."

సార్ బ్యాటన్లు కింద పెట్టారు. ఈసారి తలెత్తి ఆ పిల్ల మొహం చూశారు. తర్వాత కాలు వైపు చూశారు.

"ఎలా ఉందమ్మా ఇప్పుడు?" అని అడిగారు.

"బాగుంది సార్," అంటూ చిటపట వంగి బూటు లేసు బిగించుకుంది.