గది తలుపు మీది పేరు

తాండూరులో ఆ ఉదయం ఎప్పటిలాగే మొదలైంది. మనోరమ జొన్నరొట్టెలు కాలుస్తోంది. చంద్రశేఖర్ ఆస్పత్రికి వెళ్లేముందు కుర్చీ చేతికి దారం చుట్టి, చూడకుండా, ఎడమచేత్తో ముడులు వేస్తున్నాడు. హైదరాబాదు సంస్థానం ఇండియాలో కలిసిన కొద్దికాలానికే ఇంగ్లండు వెళ్లి, అక్కడ ఒక చిన్న ఊరి ఆస్పత్రిలో సర్జన్‌గా చేశాడు. కుట్లకు చెయ్యి తిరగాలని పట్టుకున్న ఈ అలవాటు అక్కడిది. తిరిగొచ్చి ఐదేళ్లయినా మానలేదు.

"పొద్దున లేస్తే కుర్చీకి ముడులేనా? వాటిని తెంపుకుంట నేను కూసోవాలె," అంది మనోరమ.

"పేగు కంటే కుర్చీ నయం. కదలది."

వసారాలో కూర్చున్న పాండురంగారెడ్డి కొడుకు వేళ్ల వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. భార్య రాధమ్మను తీసుకుని ఆయన బొంరాస్‌పేట నుంచి నిన్న సాయంత్రమే వచ్చాడు. ఆమెకు గజ్జలో పేగు జారి గడ్డలా ఉబ్బుతోంది. మధ్యాహ్నం రైలుకు హైదరాబాదు తీసుకెళ్లి అక్కడ చూపిస్తానన్నాడు. కొడుకు పనిచేసే ఆస్పత్రి రెండు వీధుల అవతలే ఉంది. ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆయన ఇంతవరకు ఆ గేటు దాటలేదు, బంధువులనూ దాటనివ్వలేదు. పట్నంలో ఉండకుండా తాండూరు వచ్చినందుకు నాయినకు కోపమని చంద్రశేఖర్ అనుకునేవాడు.

రొట్టె తుంచబోయిన రాధమ్మ పళ్లెం పక్కకు నెట్టి, గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. చంద్రశేఖర్ ఆమెను చాప మీద పడుకోబెట్టి చూశాడు. గడ్డ రాయిలా గట్టిపడింది. వేలు తగలగానే ఆమె కేక వేసింది.

"నాయినా, పేగు ఇరుక్కున్నది. జల్ది కొయ్యాలె."

"రైలుకు పోతం."

"రైలు దిగి దవాఖానల చేరేసరికి రాత్రయితది. అప్పటికి పేగు కుళ్లిపోతది. అమ్మ దక్కది."

"ఎవరన్న పెద్ద డాక్టర్ కొయ్యాలె. నువ్వొద్దు."

"సొంతోళ్లను కొయ్యొద్దని మాకు కట్టుబాటున్నది. ఇష్టమై అడుగుతలేను. ఇక్కడ ఇంకో సర్జన్ లేడు."

పాండురంగారెడ్డి గొంతు తగ్గించాడు. "ఇన్నేండ్లు ఎవ్వరికీ చెప్పలే. మీ అమ్మకు సుత చెప్పలే. నువ్వు డాక్టర్‌వి కావు చంద్రం."

"ఏం మాటలు మామా అవి?" మనోరమ పొయ్యి వదిలి వచ్చింది.

"అక్కడ గది ముంగట నిలబడి ఫోటో దిగి పంపిండు. కొడంగల్‌ల ఒక గుమాస్తాతోని చదివించిన. పక్క గది తలుపు మీద డాక్టర్ అని ఉన్నదట. వీని తలుపు మీద వట్టి మిస్టర్. పొయ్యేటప్పుడు డాక్టరే. అక్కడ పరీక్ష తప్పిండు, పేరు తీసేసిన్రు. అందుకే పట్నంల నిలవక ఇక్కడ పడ్డడు."

చంద్రశేఖర్ తల్లి పక్క నుంచి లేచాడు.

"నాయినా, ఆ దేశంల మందిచ్చేటోడు డాక్టర్. కోసేటోనికి పెద్ద పరీక్ష ఉంటది. అది పాసైనంక మిస్టర్ అంటరు. ఎనకట కోసేటోళ్లు డాక్టర్లు కాదు, క్షవరం చేసేటోళ్లు. ఆ పాత పేరునే గొప్పగ పెట్టుకుంటరు. తలుపు మీద మిస్టర్ అని రాసిన నాడే ఫోటో దిగిన, నువ్వు చూసి సంబురపడ్తవని."

"చదువు పెరిగితే పేరు తరుగుతదా? ఎవనికి చెప్తవ్?"

"మీ పంచాయితి నేను సచ్చినంక పెట్టుకోరి," చాప మీది నుంచి రాధమ్మ అంది. "వాడు డాక్టరో, ఇంకేందో, నాకెందుకు? నా కాల్ల ముల్లిరిగితే చిన్నప్పుడు వాడే తీసేటోడు. నొప్పి తెల్వకపోయేది. నడువు కొడుకా."

పాండురంగారెడ్డి మొదటిసారి ఆ గేటు దాటాడు. చంద్రశేఖర్ వెనకే మత్తిచ్చే ఏసుదాసు లోపలికి వెళ్లి ఆపరేషన్ గది తలుపు మూశాడు. వరండా బెంచీ మీద మామ పక్కన మనోరమ కూర్చుంది. ఆయన పెదవులు దేవుణ్ణి తలుస్తూ కదులుతున్నాయి.

"ఏటేటా అనంతగిరి కొండ ఎందుకు ఎక్కుతవ్ మామా? ఏం మొక్కు?"

ఆయన మూసిన తలుపు వైపు చూస్తూ చెప్పాడు. "వీని చేతుల ఎవ్వరు సావొద్దని, బిడ్డా. చెప్తే వాని బతుకు పోతది. చెప్పకుంటే ఎవలదన్న పానం పోతది. మనోళ్లనైతే ఆపిన. ఊరోళ్లను ఎట్ల ఆపుదును? దేవునికే చెప్పుకున్న."

మనోరమ బెంచీ మీద ఆయనకు దగ్గరగా జరిగింది.

తలుపు తెరుచుకుంది. చంద్రశేఖర్ ముసుగు తీశాడు. "అమ్మకు ఫికర్ లేదు నాయినా. పేగు ఇంకా ఎర్రగనే ఉండె. సర్ది కుట్టేసిన." చేతులు తుడుచుకుంటూ తండ్రి ముందు నిలబడ్డాడు.

పాండురంగారెడ్డి ఆ చేతులు పట్టుకున్నాడు. అంగడిలో కందులు చూసినట్టు వేళ్లను తిప్పి తిప్పి చూశాడు.

"నీకు కోపమనుకున్న," అన్నాడు కొడుకు.

"కోపం కాదురా. భయం."

మనోరమ భర్తకు కొండ సంగతి చెప్పింది. ఆస్పత్రిలో ఎవరు పోయినా చంద్రశేఖర్ రెండు రోజులు అన్నం ముట్టేవాడు కాదు. ఆ బరువు తనొక్కడిదే అనుకున్నాడు. అతను బెంచీ మీద కూలబడి ముఖం కప్పుకున్నాడు.

ముఖం మీంచి చేతులు తీసి అన్నాడు: "ఈసారి నేను సుత కొండకు వస్త, నాయినా."

"నువ్వొద్దు." పాండురంగారెడ్డి పైకండువాతో కొడుకు కళ్లు తుడిచాడు, తర్వాత తనవి. "నువ్వు కొండెక్కితే ఇక్కడ కోసేటోడెవడు, మిస్టర్?"