నూట పద్దెనిమిది గ్రాములు

2071 నాటికి హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీద బండ్లు తిరగడం మానేసి పన్నెండేళ్లయింది. కూల్చడం పెద్ద పని కాబట్టి వాటిని అలాగే ఉంచారు. వాటి కింద నీడ ఉంది. పగటి ఎండ యాభై డిగ్రీలు దాటే ఊళ్లో నీడ ఉన్న చోటే ఆటస్థలం. ఉప్పల్ నుంచి మెహదీపట్నం దాకా ఆ నీడలో మూడు వందల పైచిలుకు పాడెల్ కోర్టులు వెలిశాయి.

పాడెల్ కోర్టు అద్దాల గోడలున్న గది. నెట్‌కు అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఆడతారు. నేల మీద పడి గోడకు తగిలి వచ్చిన బంతినీ కొట్టవచ్చు. కొందరు వెనక గోడ దగ్గర ఉండి బంతిని తిప్పి పంపుతారు. కొందరు నెట్ మీదికి దూసుకెళ్లి కొడతారు. ఈ రెండో రకానికి బూటు తేలికగా ఉండాలి. అయితే దూసుకెళ్లే మనిషి తల మీదుగా అవతలివాళ్లు బంతిని ఎత్తి వేస్తారు. దాన్ని లాబ్ అంటారు. అప్పుడు చటుక్కున వెనక్కి తిరగాలి. బూటులో మడమను పట్టుకునే గట్టి పట్టీ లేకపోతే చీలమండ మెలిక పడుతుంది. పట్టీ పెడితే బరువు పెరుగుతుంది. బూట్లు తయారుచేసేవాళ్లు యాభై ఏళ్లుగా ఈ రెండిటి మధ్య రాజీ పడుతూ వచ్చారు.

ఆ రాజీ అక్కర్లేదని చూపించింది డాక్టర్ పసునూరి వనజ. ఆమె పట్టీని తీసేసి దాని స్థానంలో స్పందన జాలం పెట్టింది. రియాక్టివ్ మెష్‌కు ఆమె పెట్టిన పేరది. వెంట్రుక మందం పాలిమర్ పోగులతో అల్లిన వల. మామూలుగా గుడ్డలా ఉంటుంది. బూటు నాలుక కింద ఉన్న సెన్సర్ పిక్క కండరాల సంకేతాలను చదువుతుంది. మనిషి వెనక్కి తిరగడానికి కండరం సిద్ధమైన క్షణంలో, కాలు ఇంకా కదలకముందే, జాలం మడమ చుట్టూ బిగిసి గట్టిపడుతుంది. తిరగడం అయ్యాక వదులవుతుంది. ఈ బిగింపును ల్యాబ్‌లో మలుపు పట్టు అంటారు. అవసరమైనప్పుడే పట్టు ఉంటుంది కాబట్టి మిగతా సమయంలో బరువు ఉండదు. ఒక్కో బూటు నూట పద్దెనిమిది గ్రాములు. వెనక గోడ దగ్గర నిలకడగా ఆడేవాళ్లకు పాత పద్ధతిలో పట్టీతో చేసిన నూట తొంభై గ్రాముల బూటు ఉంది. ఎవరికి ఏది నప్పుతుందో నలభై గంటల ఆట చూసి ల్యాబ్‌లోని యంత్రం చెబుతుంది. దాని పేరు కొలత.

మే నెల మొదటి వారంలో కొప్పుల మిహిర ల్యాబ్‌కు వచ్చింది. ఆమె నగరంలో పేరున్న దాడి ఆటగత్తె. వయసు ముప్పై ఒకటి దాటి పది నెలలు. ముప్పై రెండు నిండినవాళ్లను జాతీయ జట్టులోకి కొత్తగా తీసుకోరు. జట్టులో మిగిలింది ఒక జంటకు చోటు. దాని కోసం ఎంపిక మ్యాచ్ ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది. ఆమె జోడీ ఈరెల్లి సహస్ర, వయసు ఇరవై రెండు. ఈసారి పోతే సహస్రకు ఇంకా పదేళ్లు ఉన్నాయి. మిహిరకు లేవు.

“మేడమ్, నా బూట్లు బరువైనయి,” అంది మిహిర.

వనజ వాటిని కాటా మీద పెట్టింది. ఒక్కోటి నూట పద్దెనిమిది. వెంట వచ్చిన సహస్ర బూట్లు కూడా పెట్టింది. అవీ నూట పద్దెనిమిదే.

“కాటా ఎవరిది?” అని మిహిర అడిగింది.

“మా ల్యాబ్‌దే.”

“మరి అది మీ మాటే చెప్తది గద.”

రైతుబజార్‌లో టమాటాలమ్మే ఆయన కాటా మీద కూడా తూచానని ఆమె తర్వాత ఒప్పుకుంది. అక్కడా నూట పద్దెనిమిదే వచ్చింది. అయితే ఆ కాటాను ఊళ్లో ఎవరూ నమ్మరని కూడా చెప్పింది. సహస్ర నవ్వింది. మిహిర నవ్వలేదు.

వనజ రెండు జతల రికార్డులు తెరిచింది. నెట్ వైపు వేసిన ప్రతి వంద అడుగుల్లో మిహిర బూటు అరవై ఒక్కసార్లు బిగిసింది. సహస్ర బూటు నాలుగుసార్లు. బిగిసిన ప్రతిసారీ సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యమవుతుంది. నెట్ దగ్గర ఆ ఆలస్యంలో బంతి దాటిపోతుంది. కాలికి అది బరువుగానే తెలుస్తుంది. మిహిర చెప్పింది అబద్ధం కాదు.

ఎందుకు బిగుస్తోందని వనజ యంత్రాన్ని అడిగింది.

“పిక్క కండరం వెనక్కి తిరగడానికి సిద్ధమైంది,” అంది కొలత. “జాలం బిగిసింది. బిగించమని అడిగింది పాదమే.”

“నేను ముంగటికి ఉరుకుతున్న. ఎనకకెందుకు తిరుగుత?” అని మిహిర అడిగింది.

“ఆ ప్రశ్నకు నా దగ్గర సమాచారం లేదు.”

అక్కడి నుంచి ముగ్గురూ మూడు దారుల్లో ఆలోచించారు. తన జాలంలో ఎవరో వేలు పెట్టారని వనజ అనుకుంది. ఏడాది కిందట ఆమె దగ్గర మానేసిన ఇద్దరు ఇంజనీర్లు పోటీ సంస్థలో చేరారు. ఆమె ఆరు రోజులు కూర్చుని బూటులోని ప్రోగ్రామ్‌ను మొదటి వరుస నుంచి చదివింది. ఎవరూ ఏదీ మార్చలేదు. అయినా సహాయకుల తాళంచెవులు తీసుకుని తన దగ్గరే పెట్టుకుంది.

మిహిర అనుమానం సహస్ర మీదికి పోయింది. ల్యాబ్ ప్రకటనల్లో కనిపించేవి సహస్ర కాళ్లు. ఆమె బూట్లు రెండు రోజులు ముందుగా అందాయి. కాటా అబద్ధం చెప్పకపోయినా జాలం రెండు రకాలుగా అల్లి ఉండవచ్చు. మంచిది పిల్లకిచ్చి, పాతది తనకిచ్చి ఉండవచ్చు. ఈ మాటలు ఆమె ఎవరితోనూ అనలేదు. ప్రాక్టీస్‌లో మాత్రం సహస్రతో మాట తగ్గించింది.

ఎందుకు మాట్లాడడం లేదో సహస్రకు తెలియలేదు. వయసు మీద బెంగ అనుకుంది.

ఎంపికకు ముందురోజు సాయంత్రం ప్రాక్టీస్ ముగిసింది. కోర్టు పక్కన బూట్ల అర ఉంది. బయటి చెప్పులతో కోర్టులోకి రాకూడదు కాబట్టి అందరూ వాటిని అక్కడే విడుస్తారు. ఆట బూట్లను అదే అరలోని నంబరు ఖానాల్లో చార్జింగ్‌కు పెడతారు. బూట్ల మీద పేర్లుండవు. పేరు అచ్చేస్తే గ్రాములో మూడో వంతు పెరుగుతుందని వనజ అచ్చు వేయించలేదు. ఖానా నంబరే గుర్తు. మిహిరది ఆరు, సహస్రది ఏడు. ఇద్దరిదీ ఒకటే సైజు.

అందరూ వెళ్లారనుకున్నాక మిహిర ఆరులోవి ఏడులో, ఏడులోవి ఆరులో పెట్టింది.

ఒకరి బూట్లు ఇంకొకరు తొడగకూడదన్నది ల్యాబ్ షరతు. సంకేతం అర్థంకాక జాలం ఆలస్యంగా బిగిసే ప్రమాదం ఉంది. ఆ కాగితం మీద మిహిర సంతకం ఉంది. సహస్ర బూటుతో వెనక్కి తిరిగితే చీలమండ పోవచ్చు, కాబట్టి తిరిగే పనే పెట్టుకోకూడదు అని ఆమె నిర్ణయించుకుంది. తన బూట్లు సహస్రను ఏం చేస్తాయన్న సంగతి ఆమె ఆలోచించలేదు. లేదా ఆలోచించి పక్కన పెట్టింది.

మర్నాడు ఉదయం ఏడున్నరకు మ్యాచ్ మొదలైంది. మిహిర ఆరో ఖానాలోవి తొడుక్కుని రెండడుగులు వేసింది. కాలికి ఏమీ లేనట్టుంది. మొదటి గేమ్‌లోనే ఆమె నెట్ దగ్గర మూడు బంతులను గాల్లోనే కొట్టి పాయింట్లు తెచ్చింది. అవతలి జంట లాబ్‌లకు దిగింది. తల మీదుగా పోయిన బంతిని ఆమె తిరిగి కూడా చూడలేదు. ప్రతిసారీ వెనక నుంచి సహస్ర బంతిని అద్దం దగ్గర పట్టి తిప్పి పంపింది. సహస్ర అంతకుముందెప్పుడూ అన్నిసార్లు వెనక్కి పోలేదు. ఆరు రెండు, ఆరు నాలుగు స్కోరుతో గెలిచారు. సెలెక్టర్లు అక్కడికక్కడే వచ్చి ఇద్దరితో చేయి కలిపారు. సహస్ర మిహిర చెయ్యి అందుకోలేదు. బాటిల్ తీసుకుని బయటికి పోయింది.

మూడో రోజు జట్టు బూట్లు ఖరారు చేయడానికి ఇద్దరినీ ల్యాబ్‌కు పిలిచారు. మిహిర వస్తూనే తాను చేసింది చెప్పేసింది. తప్పు ఒప్పుకున్నట్టు చెప్పలేదు, సాక్ష్యం చూపించినట్టు చెప్పింది. సహస్ర బూట్లతో ఆడానని, తేడా అందరూ చూశారని, ఇకనైనా తనకు అలాంటి జాలమే అల్లి ఇవ్వాలని అడిగింది.

వనజ ముఖం మాడ్చుకుంది. షరతు సంగతి తర్వాత మాట్లాడదామని చెప్పి కొలతను రికార్డు చదవమంది. బూటు తొడిగిన మనిషి అడుగు తీరును బట్టి ఎవరో కొలత గుర్తుపడుతుంది.

“మ్యాచ్‌లో మిహిర బూట్లు తొడిగింది మిహిర,” అంది కొలత. “సహస్ర బూట్లు తొడిగింది సహస్ర.”

“తప్పు చెప్తుంది,” అంది మిహిర. “నా చేతులతోని నేనే మార్చిన.”

“నేను మల్ల మార్చిన,” అంది సహస్ర.

ఆమె కిటికీ వైపు చూస్తూ చెప్పింది. “నీళ్ల సీసా మర్శిపోయి ఎనకకొచ్చిన. నువ్వు నా ఖానల చెయ్యి వెట్టి ఉన్నవ్ అక్కా. నువ్వు పొయ్యేదాంక స్తంభం సాటుకు నిలబడ్డ.”

“అప్పుడే అడగొచ్చు గద,” అంది మిహిర.

“ఏమని అడగాలె? ఫంక్షన్ హాల్ల చెప్పులు మారితె ఎవర్నన్న అడుగుతమా? మనయి మనం ఏస్కొని పోతం.”

వనజ మిగతా అంకెలు చదవమంది. మ్యాచ్‌లో మిహిర బూటు వందకు అయిదుసార్లు బిగిసింది. అదే బూటు, అదే జాలం, మొదటిసారి ల్యాబ్‌లో చూసినప్పుడు అరవై ఒకటి. సహస్ర బూటు వందకు యాభై ఎనిమిదిసార్లు బిగిసింది. అప్పుడు నాలుగు.

ఆరు రోజులు ప్రోగ్రామ్‌లో దొంగను వెతికిన వనజకు అప్పుడు సంగతి తెలిసింది. తొమ్మిదేళ్లు చిన్నదైన జోడీ లాబ్ వస్తే అందుకోదని మిహిర మొదటి నుంచీ అనుకుంది. అందుకే ముందుకు పరుగెత్తుతున్నా ఆమె కాలు వెనక్కి తిరగడానికి సిద్ధంగా ఉండేది. వేరేవాళ్ల బూటు తొడిగానని నమ్మిన రోజు, తిరగకూడదని అనుకుంది. తిరగలేదు. బూటు తేలికైంది.

ఇది వనజ వాళ్లకు నెమ్మదిగా వివరించింది. మిహిర తల దించుకుని విన్నది. తర్వాత సహస్రను అడిగింది.

“నాది అర్థమైంది. నువ్వెందుకు ఎనకకు ఉరికినవ్? ఇంతకుముందు ఎన్నడు పోలేదు గద.”

“ఇంతకుముందు లాబ్ ఒస్తె అక్క ఉంది అనుకునేదాన్ని,” అంది సహస్ర. “నువ్వు ఎప్పుడు నా ఎనక సూస్కుంట ఉంటవ్ గద. నా మీద పావురమనుకున్న. ఆ సాయంత్రం సూశినంక, ఎవరు లేరు, నేనే ఉండాలె అనుకున్న.”

అది పావురం కాదని, ప్రేమతో చూడలేదని చెప్పడం మిహిరకు ఇష్టం లేకపోయింది. అవునని అబద్ధమాడదామంటే యంత్రం అక్కడే ఉంది.

ఎంపిక పత్రం మీద ఇద్దరి వేలిముద్రలూ పడాలి. ఒకరిది లేకపోతే చోటు రెండో స్థానంలో వచ్చిన జంటకు పోతుంది. మిహిర వేసి పత్రాన్ని సహస్ర ముందుకు జరిపింది. అంతసేపూ ఆ అమ్మాయి వేలి వైపే చూసింది. సహస్ర కాగితం మొత్తం చదివింది. ఇదివరకు ఏ కాగితమూ చదివేది కాదు. చదివాక వేలు పెట్టింది. మిహిరకు కావలసింది దొరికింది.

ఎవరికి ఏ బూటు అని వనజ అడిగింది. మిహిరకు నూట పద్దెనిమిది, సహస్రకు నూట తొంభై అని కొలత చెప్పింది. సహస్ర బరువు జత తీసుకుని పెట్టెలో పెట్టుకుంది. ఇకమీదట తిరుగుడు ఎక్కువ ఉంటుంది కాబట్టి అదే నయమంది.

మిహిర తేలిక జతను చేతిలోకి తీసుకుంది. లోపల వేలు పెట్టి జాలాన్ని నొక్కి చూసింది. తర్వాత బల్ల మీద పెట్టేసింది.

“నాకు గూడ నూట తొంభైయే ఇయ్యుండ్రి మేడమ్.”

యంత్రం చెప్పింది వినమని వనజ నచ్చజెప్పింది. వందకు అయిదుసార్లు బిగిసిన కాలికి బరువు బూటు ఎందుకని అడిగింది.

“ఆ అయిదు మొన్నటియి,” అంది మిహిర. “ఇప్పుడు నా కాలు మల్ల ఎనకకే సూస్తున్నది. కొలిపిచ్చుండ్రి, ఎన్నొస్తయో.”

వనజ కొలిపించలేదు. రెండో పెట్టె కూడా తెప్పించి బల్ల మీద పెట్టింది. దేశం తరఫున ఆడబోయే దాడి జంట ఎదురుగా రెండు జతల బరువు బూట్లతో కూర్చుని ఉంది.

“మరి నెట్ దగ్గరికి ఎవరు వెళ్తారు?” అని అడిగింది.

ముందు అవతలి మనిషి ఏం చెబుతుందోనని ఇద్దరూ ఒకరి వైపు ఒకరు చూశారు.