తిరుగుదారి మింగినవాడు

ఎత్తైన కొండల మీద మబ్బులగిరి అనే రాజ్యం ఉండేది. అక్కడ తేనెకు కొదవ లేదు, పనసకు కొదవ లేదు, అల్లం పసుపుల సంగతి చెప్పనే అక్కరలేదు. లేనిదల్లా ఉప్పు. ఉప్పు కావాలంటే కొండలు దిగి, అడవులు దాటి, సముద్రతీరానికి వెళ్ళి తెచ్చుకోవలసిందే. తరతరాలుగా అలాగే తెచ్చుకుంటున్నారు. ఉన్నట్టుండి ఒక ఏడు ఉప్పుకు వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. వాళ్ళను వెతకబోయిన సైనికులూ రాలేదు.

చప్పిడి కూడు తిని తిని అందరికీ కోపం ముక్కు మీదికి వచ్చింది. కోపం వెనకాలే అనుమానం వచ్చింది. మంత్రి సేనాపతిని అనుమానించాడు, సేనాపతి మంత్రిని అనుమానించాడు. వంటవాడు ఉప్పు దాచాడని రాణిగారు వంటింటికి రెండు తాళాలు వేయించింది. అందులో ఉన్నవి ఖాళీ జాడీలే!

ఆ రాజ్యాన్ని ఏలే రాజు మల్లభూపతి కొలువు తీర్చి, సముద్రానికి కొత్త దారి ఆలోచించమన్నాడు. మంత్రి నేల మీద బొగ్గుతో ఒక దారి గీశాడు. సేనాపతి దాన్ని కాలితో చెరిపి మరొకటి గీశాడు. ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకునే సమయానికి వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"నానెల్తాను దొరా."

ఆమె పేరు పైడి. కొండచరియల్లో తేనె తీసేవాళ్ళ పిల్ల. ఉప్పుకు వెళ్ళి రానివాళ్ళలో ఆమె అన్న గంగులు ఉన్నాడు. నాయనమ్మ, అన్న తప్ప ఆమెకు లోకంలో ఎవరూ లేరు. అన్న కోసం ఆమె ఏడవని రోజు లేదు.

"ఏ దారిన వెళ్తావు?" అన్నాడు రాజు.

"నీటి ఎంట దిగుతాను. సముద్రానికి దారేదని నీరు ఎవుల్నీ అడగదు కదా. ఎప్పుడు బయల్దేరతానో, ఎక్కడ ఆగుతానో మాత్రం చెప్పను."

"మమ్మల్నే అనుమానిస్తున్నావా?"

"మిమ్మల్ని కాదు దొరా, మీ గోడల్ని."

రాజుకు కోపం రావలసిందే. కానీ చప్పిడి గంజి గుర్తొచ్చి ఊరుకున్నాడు.

పైడి జొన్న పేలాలు మూట కట్టుకుంది. సొరకాయ బుర్రలో తేనె నింపుకుంది. ఉప్పుకోసం సంచి మడిచి చంకన పెట్టుకుంది. నాయనమ్మ అంతా చూస్తూనే ఉంది కానీ, బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు కాబట్టి అడగలేదు.

పైడి గడప దాటుతూ "ఎల్లొస్తాను నాయనమ్మా" అంది.

"ఎల్లి రా తల్లీ. మీ అన్న ఆ రోజు తొందరలో ఆ మాటనకుండానే ఎల్లిపోనాడు," అని ముసలామె కళ్ళు తుడుచుకుంది.

పైడి ఏటి వెంట దిగసాగింది. కనబడిన ప్రతి మనిషినీ, ప్రతి చెట్టునూ అనుమానంగానే చూసింది. కొండలు పలచబడిన చోట ఒక పాడుబడిన సత్రం ఎదురైంది. అరుగు మీద తెల్లగడ్డం తాత కూర్చున్నాడు. పైడిని చూడగానే ఎన్నాళ్ళనుంచో ఎరిగినట్టు నవ్వాడు.

"రా మనవరాలా! అలిసిపోయావు. ఇక్కడే ఉంటావా, పోతావా?"

ముక్కూ మొహం తెలియనివాడికి ఇంత తేనె మాట ఎందుకు? పైడికి అది నచ్చలేదు. "ఎల్లొస్తాను తాతా," అని ముందుకు నడిచింది.

తాత వేపాకు నమిలినట్టు మొహం పెట్టాడు. "పో, పో!" అన్నాడు. కొంచెం దూరం వెళ్ళి పైడి వెనక్కి చూస్తే అరుగు మీద ఎవరూ లేరు.

ఆ సాయంత్రం అడవి మధ్యలో ఒక ఎలుగుబంటి దారికి అడ్డంగా నిలబడింది. తేనె తీసేవాళ్ళకూ ఎలుగులకూ ఉప్పూ నిప్పూ అని మీకు తెలుసు కదా, పిల్లలూ! పైడి చేతికి కర్ర తీసుకుంది.

"కర్ర దించమ్మీ," అంది ఎలుగు. "ఆ బుర్రలో ఏటుందో వాసనకే తెలిసింది. నాకింత పెడితే నాకు తెలిసింది చెప్తాను."

"ముందు చెప్పు. తరవాత పెడతాను."

"అబ్బో, ఎంత అనుమానమే నీకు!" అని ఎలుగు నవ్వింది. "కింద రేవు కాడ దారిమింగుడని ఒక భూతం ఉన్నాడు. ఆడు మడుసుల్ని తినడు, ఆళ్ళ తిరుగుదారి తింటాడు. ఉంటావా, పోతావా అనడుగుతాడు. పోతానన్న మడిసి అంతే, మరి తిరిగి రాలేడు, రాయైపోతాడు. ఈ అడివిలో ఆ మాట ఎవులన్నా సరే, ఆళ్ళకి తిరుగుదారి ఉండదు."

పైడి చప్పున వెనక్కి తిరిగి చూసింది. సత్రంలో తాత అడిగింది ఆ మాటే! అయినా ఎలుగును నమ్మడమెలా? ఇది కూడా ఆ భూతం వేషమే అయితే? బుర్ర దాని ముందు పెట్టి, కదలడానికి సిద్ధంగా నిలబడింది. ఎలుగు తేనె చివరి చుక్కదాకా నాకి, మూతి తుడుచుకుని, "ఎల్లి రా తల్లీ," అంది.

ఆ ఒక్క మాటతో పైడి అనుమానం తీరిపోయింది. ఆ తాత నోట 'ఎల్లి రా' అన్న మాట రాలేదు. తన మొహం చూసి "పో, పో" అన్నాడు. మనవరాలిని ఏ తాతయినా అలా సాగనంపుతాడా?

మర్నాడు రేవు కనిపించింది. గట్టు పొడవునా మనిషెత్తు రాళ్ళు నిలబడి ఉన్నాయి. ఒక రాతి చెవికి ఇత్తడి పోగు మెరుస్తోంది. అది అన్న పోగు. పైడికి ఏడుపు తన్నుకొచ్చింది. రాతిని పట్టుకుని, "ఉండన్నా, వచ్చేశాను," అని గొంతులోనే అనుకుంది. తరవాత ఖాళీ బుర్రను ఆ రాతి పక్కనే పెట్టి, కావాలనే కుంటుకుంటూ నీటి దగ్గరికి దిగింది.

పడవవాడు మొహం నిండా నవ్వాడు. ఆ నవ్వును పైడి సత్రం అరుగు మీద చూసింది.

"అక్కడికి పోతావా, ఇక్కడే ఉంటావా?" అన్నాడు వాడు.

పైడి ఎంచక్కా పడవలో చతికిలబడింది. "అదే చెప్పబోతన్నాను మావా. అయ్యో, నా బుర్ర గట్టు మీద మరిచిపోనాను! కాల్లో ముల్లు దిగింది. దిగి కుంటుకుంటూ మా ఊరికే తిరిగెల్లిపోనా ఏటి?"

చేతికందిన వేట జారిపోతుందని భూతానికి కంగారు పుట్టింది. "వద్దొద్దు! నువ్వు కదలకు. బుర్ర కోసం నేను పోతాను," అన్నాడు.

ఎవరన్నా సరే అంటే అందులో తనూ ఉంటాడని వాడికి ఏనాడూ తట్టలేదు. వాడి కాళ్ళు గట్టెక్కాయి, బుర్రను దాటాయి, ఆగలేదు. "ఆపండి! వస్తాను అనబోయాను!" అని వాడు అరిచాడు. కాళ్ళు వినలేదు. వాడు అడవి దాటి, కొండ దాటి, అరుపు కూడా వినబడనంత దూరం పోయాడు. ఇప్పటికీ పోతూనే ఉన్నాడేమో!

రాళ్ళన్నీ ఒళ్ళు విరుచుకున్నాయి. గంగులు కళ్ళు నులుముకుని, "పైడీ, ఎప్పుడొచ్చావే?" అన్నాడు. పైడి అన్న మెడ పట్టుకుని గట్టిగా ఏడ్చింది. తరవాత అందరూ కలిసి సముద్రానికి నడిచారు. మోయగలిగినంత ఉప్పు మోసుకుని మబ్బులగిరికి చేరారు. ఆ పూట పప్పుచారు జుర్రుకుంటూ మంత్రీ సేనాపతీ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకున్నారు.

రాజు పైడిని కొండనుంచి సముద్రం దాకా ఉన్న దారికంతటికీ ఏలికను చేశాడు. నిండు కొలువులో ఆమెకు తలపాగా చుట్టి, సంతోషంగా సింహాసనం దిగాడు. "నాకూ సముద్రం చూడాలని ఉంది. రేపే పోతాను!" అన్నాడు.

కొలువంతా గుండె పట్టుకుంది. కొత్త ఏలిక మొదటి ఆజ్ఞ రాజుకే ఇచ్చింది.

"మళ్ళీ అనండి దొరా."

రాజు నాలుక కరుచుకుని, బుద్ధిగా చేతులు కట్టుకుని, "పోయొస్తాను," అన్నాడు.

"ఎల్లి రా నాయనా," అంది ముందు వరసలో కూర్చున్న నాయనమ్మ, గంగులు చేతిని ఒళ్ళోంచి వదలకుండానే.