నొక్కి పట్టుకునే కుళాయి

ఉదయం ఏడున్నరకల్లా ఆ ఇంట్లో పెద్దావిడ ఒక్కతే మిగులుతుంది. ప్లంబరు పనిచేసే కొడుకు పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఆరున్నరకే వెళ్ళిపోతాడు. కోడలు ఆసుపత్రి ల్యాబ్‌లో పనికి ఏడుంపావు బస్సు అందుకుంటుంది. వెళ్తూ వెళ్తూ ఇద్దరూ చెప్పేది ఒకటే, తలుపేసుకోమని. తలుపేసుకున్నాక సాయంత్రం దాకా ఆమెకు నోరు విప్పే పనే ఉండదు. సాయంత్రమైనా ఉండేది అంతంతమాత్రమే. ప్రేమ లేక కాదు పాపం, ఇద్దరికీ ఒంట్లో ఓపిక ఉండదు.

అలాంటి మనిషికి రెండేళ్ళ కిందట ఒక మడి దొరికింది. ప్రభుత్వం కట్టించిన ఆ నాలుగంతస్తుల ఇళ్ళ మధ్య చెత్త పోసే జాగాను చదును చేయించి, అడిగిన వాళ్ళకు తలా ఒక మడి ఇచ్చారు. ఆవిడ మడి మంచమంత ఉంటుంది. అందులోనే టమాటా, పాలకూర, ఓ పక్కగా చిక్కుడు తీగ. అందరి మడులకూ కలిపి కుళాయి ఒక్కటే. నీళ్ళు వృథా అవుతాయని ఆ ఇళ్ళ అజమాయిషీ చూసే ఆఫీసువాళ్ళు నొక్కితేనే వచ్చే రకం బిగించారు. చెయ్యి తీస్తే ధార ఆగిపోతుంది. మడులు దూరం కాబట్టి ఒకరు కుళాయి నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు పైపుతో తడపాలి. ఆ మహానుభావులను తిట్టుకుంటూనే అందరూ జతలు కట్టారు.

పెద్దావిడకు జత ఎదుటి బ్లాకు కండక్టరమ్మ. ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. పైపు చేత్తో పట్టుకుని "రైట్ రైట్" అంటే పెద్దావిడ కుళాయి నొక్కాలి, "హోల్డాన్" అంటే వదిలెయ్యాలి. పది నిమిషాల పనికి వాళ్ళకు గంట పట్టేది. టమాటా పురుగు దగ్గర మొదలైన కబుర్లు మోకాళ్ళ నొప్పుల మీదుగా వెళ్ళి, చచ్చిపోయిన మొగుళ్ళ చాదస్తాల దగ్గర ఆగేవి. ఆ గంటలో పెద్దావిడ మాట్లాడినంత మిగతా రోజంతా కలిపినా మాట్లాడదు.

ఒకరోజు అన్నం పెడుతూ ఆవిడ మణికట్టు రుద్దుకోవడం కొడుకు కంటపడింది. ఏమైందంటే, ఆ పాడు కుళాయి నొక్కీ నొక్కీ అని నవ్వేసింది. అతను నవ్వలేదు. ఆ ఆదివారమే ఆఫీసువాళ్ళను ఒప్పించి, తన ఖర్చుతో తిప్పే కుళాయి తెచ్చి బిగించాడు. తోటలో ఉన్నవాళ్ళంతా కొడుకంటే ఇలా ఉండాలన్నారు. పెద్దావిడ కూడా పొంగిపోయింది, మర్నాడు పొద్దున దాకా.

మర్నాడు కండక్టరమ్మ రాలేదు. ఆ మర్నాడూ లేదు. వీలున్నప్పుడు ఎవరికి వాళ్ళే వచ్చి, కుళాయి తిప్పి, తడుపుకుని పోతున్నారు. కండక్టరమ్మ మడి మాత్రం తడిగానే కనిపించేది. తెల్లారకముందే వచ్చి పోతోందని ఎవరో అన్నారు. ఆ మాట పెద్దావిడకు చివుక్కుమంది. అవసరం ఉన్నన్నాళ్ళే స్నేహం కాబోలు అనుకుంది. నాలుగు రోజులు ఒక్కతే తడిపి, ఐదో రోజు నుంచి కిందికి దిగడం మానేసింది.

ఆ తర్వాత మూడో ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు కొడుకు చేతికిస్తూ, మడి తిరిగిచ్చేస్తున్నట్టు ఆఫీసుకు కాగితం రాసిపెట్టమంది. అతనికి ఒళ్ళు మండింది.

"నీకోసం అందరి కాళ్ళూ పట్టుకుని ఆ కుళాయి మార్చానమ్మా. చిక్కుడు తీగ ఎండిపోయిందని నిన్న కింద అందరిముందూ అడుగుతుంటే తలెత్తుకోలేకపోయాను. ఏం తక్కువైంది నీకు?"

"ఏం తక్కువ కాలేదు, రాసిపెట్టు."

కోడలు మధ్యలో కల్పించుకుని, నొప్పిగా ఉంటే డాక్టరుకు చూపిద్దాం అత్తయ్యా అంది. చెయ్యి కాదమ్మాయ్ అని ఆవిడ తల అడ్డంగా ఊపింది. మరేమిటో చెప్పవేం, అడిగితే మౌనం, అడక్కపోతే అలక అని కొడుకు గొంతు పెంచాడు. అప్పుడు ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది.

"ఆ కుళాయి అలా ఉండబట్టే రా, నాతో ఒక మనిషి నిలబడింది. నువ్వు దాన్ని బాగుచేశాక నాతో ఎవరికీ పని లేకుండా పోయింది."

కొడుకు కాఫీ పక్కన పెట్టేశాడు. తల్లి మణికట్టు చూశాడే గానీ ఆ పూట ఆమె ఎవరితో ఏం మాట్లాడిందని తనెప్పుడూ అడగలేదు. అది గుర్తుకొచ్చి అతనికి సిగ్గేసింది. పాత కుళాయి ఇంకా సంచిలోనే ఉంది, కావాలంటే ఇవాళే మళ్ళీ బిగిస్తానన్నాడు. పదిమందికి సుఖంగా ఉన్నదాన్ని తన కోసం చెడగొట్టవద్దని ఆవిడ వారించింది.

"పోనీ ఆవిడ ఇంటికే వెళ్దాం పద. నేనూ వస్తా. ఏ నంబరు?"

పెద్దావిడకు రెండేళ్ళుగా కండక్టరమ్మ మోకాళ్ళ సంగతి, మొగుడి సంగతి తెలుసుగానీ ఇంటి నంబరు తెలియదు. ఎప్పుడూ అవసరం పడలేదు.

ఎదుటి బ్లాకులో ఇద్దర్ని అడిగి మూడో అంతస్తు ఎక్కారు. తలుపు తట్టాక చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. కండక్టరమ్మ జుట్టు ముడివేసుకోలేదు. వెనక గదిలో ఒకే ఒక్క కుర్చీ ఉంది. ఆవిడ పెద్దావిడను చూసింది, వెనక నిలబడ్డ కొడుకును చూసింది, లోపలికి రమ్మనలేదు.

"మీ అబ్బాయి చేత కుళాయి మార్పించావుగా తల్లీ. నాతో విసిగిపోయావని అర్థమైందిలే. నీ కంటపడటం ఎందుకని చీకటితోనే వచ్చి తడుపుకుపోతున్నా."

ఇరవై రోజులుగా పెద్దావిడ ఏ బాధ మింగుతూ కూర్చుందో, ఎదుటి బ్లాకులో అదే బాధ ఇంకొకరు మింగుతున్నారు. తనకైనా సాయంత్రానికి ఇల్లు చేరే మనుషులున్నారు. ఈవిడకు ఆ ఒక్క గంటే. తన మనసు నొచ్చుకుందని లెక్కేసుకుంటూ కూర్చుందే తప్ప, వచ్చి ఒక్కసారి ఈ తలుపు తట్టలేదు.

"తప్పు నాదండీ," అన్నాడు కొడుకు. "అమ్మ చెయ్యి నొప్పని నేనే మార్చాను. ఆవిడ నన్ను అడగనైనా లేదు."

కండక్టరమ్మ గడప మీదే నిలబడి పెద్దావిడ ముఖంలోకి చూసింది.

"అయితే నువ్వెందుకు రాలేదు మరి?"

"నువ్వు పిలుస్తావేమోనని," అంది పెద్దావిడ. ఆ పైన ఇంకేం చెప్పలేక రెండు చేతులతో ముఖం కప్పుకుని, ఆ మెట్ల దగ్గరే చిన్నపిల్లలా ఏడ్చేసింది. కండక్టరమ్మ గబగబా బయటికొచ్చి ఆమె భుజాలు పట్టుకుంది.

కొడుకు వాళ్ళిద్దర్నీ అక్కడే వదిలి, తమ ఇంటి నుంచి ఇంకో కుర్చీ తేవడానికి మెట్లు దిగాడు.