కుప్పలో దొరికిన మేకులు

ఎల్లారెడ్డి రోడ్డు పక్కనున్న ఆ మట్టికుప్ప దగ్గర పొద్దుగూకినంక ఆటోలు ఆపరు. మనిషి కనబడదంట. కాళ్లు ఈడ్చుకుంటూ ఎవరో కుప్ప చుట్టూ తిరుగుతున్న చప్పుడు మాత్రం వినబడతదంట...

రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పీనుగులను పూడ్చే బొందలగడ్డ అంచు చెక్కి, ఆ మట్టిని టిప్పర్లల్ల తెచ్చి అక్కడ పోసిండ్రు. పాత బొందల్ల వెండి, బంగారం ఉంటదని ఎవరో పుట్టించిండ్రు.

మా కొడుకు సంపత్ చెవిన అదే పడ్డది. కొత్తగా పుట్టిన బిడ్డకు చేతులకు మురుగులు చేయించాలని వాని ఆశ. దోస్తు దగ్గర మెటల్ డిటెక్టర్ అడుక్కొచ్చిండు. బంగారం దొరికితే మాకు దావత్, దయ్యం దొరికితే నీ ఒక్కనికే అని ఆ దోస్తు నవ్విండంట.

మిషను కూసినకాడల్లా తవ్విండు. బంగారం లేదు. జానెడు పొడుగు ఇనుప మేకులు — తుప్పుపట్టినవి. పాత సామాన్లోనికి వేద్దామని తెచ్చి వాకిట్లో పడేసిండు.

బాలింతకు, పసిదానికి నీళ్లు పోసే రాములవ్వ వాటిని చూసింది. చేతిలోకి తీసుకుని చానాసేపు తిప్పింది. చూపు ఆనక అనుకున్న.

"పారేయకు బిడ్డా. ఇనుము కాపాడుతది. పసిదాని పక్క కింద పెట్టు."

మా దిక్కు కత్తో, కొడవలో పెడతం. ఇదీ ఇనుమే గద... పెట్టిన.

ఆ మాపటి నుంచే పిల్ల ఏడుపు. పాలు తాగదు. కోడలు వినీత ఎత్తుకుని ఎత్తుకుని అలసి నిద్రపోయింది. సంపత్ కామారెడ్డి నుంచి ఇంకా రాలేదు. కరెంటు పోయింది.

ముందటింట్లకు వస్తే — తలుపు బార్లా తెరిచి ఉన్నది. రాములవ్వ ఇంటికి పోనేలేదు. గడప మీద నిలబడి చీకట్లకు గుసగుసగా ఏదో అంటున్నది.

ఎవరిని పిలుస్తున్నవని అడిగిన.

"నా బిడ్డను. కానుపు కాక పాయె. కడుపులది కడుపులనే పాయె. బాలింతల ఇండ్లకు నడిచొస్తదని, బొందల పెట్టేటప్పుడు కాళ్లకు మేకులు కొట్టిండ్రు." అవ్వ గొంతు వణకలేదు. "కదలకుండా కాళ్లు నేనే పట్టుకున్న."

మేకులు తీసి పారేద్దామని లోపలికి తిరిగిన. అవ్వ నా మణికట్టు పట్టుకున్నది. ముసలి చెయ్యి... విడిపించుకోలేకపోయిన.

"మేకులు ఉన్నకాడికి అది వస్తది. ఒక్కసారి ఎత్తుకోనీ. దాని బిడ్డ మొఖం అది చూడనే లేదు."

మా పిల్ల ఏం చేసిందవ్వా అని కాళ్ల మీద పడబోయిన. అవ్వ నా దిక్కు చూడలేదు.

"రావే శాంతా... ఇదే ఇల్లు."

వీధిలో ఎవరూ లేరు. ఆకు కదలలేదు. అయినా అవ్వ గడప మీద నుంచి పక్కకు జరిగింది — ఎవరికో దారి ఇచ్చినట్టు.

లోపల పిల్ల ఏడుపు టక్కున ఆగింది... ఎవరో ఎత్తుకున్నట్టు.