పోలయ్య మీదికి వచ్చిన బంతి

పూర్వం సాగరదుర్గ రాజ్యాన్ని జలకంటకుడనే రాక్షసుడు పీడించేవాడు. ప్రతి పున్నమి సాయంత్రం వాడు తీరానికి వచ్చి, రెండు తాటిచెట్ల నడుమ ఎత్తుగా కట్టిన వలకు అవతల నిలిచి, ఇవతల ఆరుగురు పిల్లలతో బంతి పందెం ఆడేవాడు. వల దాటి వచ్చిన బంతిని మూడు దెబ్బల్లో తిప్పి పంపాలి. ఎవరి ముందు అది నేల తాకితే వారు రాయైపోతారు. రాక్షసుడు ఓడిన నాడే ఆ రాళ్లు మళ్లీ మనుషులవుతాయి.

జాలరివాళ్ల పిల్ల నూకాలుకు పదమూడేళ్లు. ఆటలో ఆమెను మించినవారు లేరు. ఆ సంగతి ఆమెకే మరీ ఎక్కువ తెలుసు. ఒక పున్నమినాడు బంతి తమ్ముడు పోలయ్య మీదికి వచ్చింది. వీడేం అందుకుంటాడులే అనుకుని నూకాలు వాణ్ని పక్కకు నెట్టి తాను దూకింది. అందలేదు. బంతి పోలయ్య కాళ్ల దగ్గర పడింది. చేతులు చాచిన పిల్లవాడు చాచినట్టే రాయైపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? నూకాలు ఆ రాతిని కావలించుకుని గొంతు పోయేదాకా ఏడ్చింది.

రాక్షసుణ్ని ఓడించే ఉపాయం అడగాలని మర్నాడే బయలుదేరి, మాయపులిని ఏమార్చి, ఊబి దాటి, అడవి నడుమ ఉన్న శరభముని ఆశ్రమం చేరింది. ముని ఆమెను తన మూడు కోతులతో ఆటకు దింపాడు. మోకాళ్లు వంచి, ముంజేతులు జోడించి బంతిని ఎత్తడం ఒక కోతి నేర్పింది. నుదుటి ఎత్తున వేళ్లతో పైకి లేపడం రెండోది, ఎగిరి అరచేత్తో కొట్టడం మూడోది నేర్పాయి. నూకాలు మూడూ ఇట్టే పట్టేసింది. కానీ వచ్చిన ప్రతి బంతికీ తానే ఉరకడంతో కోతులు అలిగి చెట్టెక్కి కూర్చున్నాయి.

"బంతి సంగతి నీకు తెలుసు తల్లీ, పక్కవాళ్ల సంగతే తెలియదు," అన్నాడు ముని. "నీది కాని బంతిని ఏం చెయ్యాలి?"

"వదిలెయ్యాలి స్వామీ."

"వదిలేస్తే నేల మీద పడుతుంది. ఎవరిదో పేరుపెట్టి పిలవాలి. పిలిచాక నమ్మాలి."

ఆ రోజు తాను తమ్ముణ్ని పిలవనైనా లేదని నూకాలుకు గుర్తొచ్చి గుండె చెరువైంది.

తిరిగి వచ్చి, కొబ్బరిపీచు బంతితో అయిదుగురు పిల్లలకు ఆడిస్తూనే అన్నీ నేర్పింది. పున్నమి వచ్చింది. రాక్షసుడు విసిరిన బంతిని ఒకడు ముంజేతులతో ఎత్తాడు. అది వంకరగా చిన్నపిల్ల సీతాలు మీదికి పోయింది. నూకాలు కాళ్లు వాటంతటవే ముందుకు పడ్డాయి. బలవంతాన ఆగి, "సీతాలూ, నీది," అని పిలిచింది. సీతాలు బంతిని వేళ్లతో పైకి లేపింది. నూకాలు ఎగిరి కొట్టింది. బంతి జలకంటకుడి కాళ్ల ముందు పడింది. ఈసారి వాడే రాయైపోయాడు.

రాళ్లైన పిల్లలంతా మళ్లీ మనుషులై ఇళ్లకు పరుగెత్తారు. రాజు నూకాలును ఆ తీరానికి నాయకురాలిని చేశాడు.

మర్నాడు ఆటలో బంతి నేరుగా పోలయ్య మీదికి వచ్చింది. వాడు అక్క వంక చూసి పక్కకు తప్పుకున్నాడు.

"నువ్వు కొట్టక్కా. నాకు రాదుగా," అన్నాడు.

బంతి ఇసుకలో పడింది. ఎవరూ రాయి కాలేదు గానీ నూకాలుకు ఏడుపు ఆగలేదు. నాయకురాలయ్యాక కూడా రోజూ పనులన్నీ మాని కాసేపు తమ్ముడికి బంతి వేసేది. వాడు ఆమె వంక చూడకుండా చేతులు చాచడానికి ఏడాది పట్టింది.