పద్నాలుగో లూప్

ఉదయం ఎనిమిదింటికి సూర్యప్రకాశరావు మూడు ఫొటోలు టేబుల్ మీద పెట్టాడు.

శ్రీనగర్ కాలనీలో ఆ ఆఫీసు బోర్డు మీద ఒక సినిమా నిర్మాణ సంస్థ పేరు ఉంటుంది. ఆ సంస్థ ఇంతవరకు ఒక్క సినిమా తీయలేదు. ఆ వీధిలో అది ఎవరికీ వింతగా అనిపించదు. లోపల ఉన్నది ప్రభుత్వ గూఢచారి విభాగం. పనిచేసేవాళ్లు దాన్ని సెక్షన్ అంటారు. సూర్యప్రకాశరావు దాని చీఫ్.

"డాక్టర్ అరుణజ్యోతి, ట్రయల్ హెడ్. రిత్విక్, స్టాటిస్టీషియన్. మనోజ్ఞ, పబ్లిసిటీ డైరెక్టర్. మన ఏజెంటే."

"మన మనిషి ఫొటో ఎందుకు సార్?" అంది భువన.

"లాకర్ కార్డు ఆవిడ దగ్గర కూడా ఉంది. అందుకని."

జూబ్లీహిల్స్‌లోని పరిశోధన కేంద్రంలో మూడేళ్లుగా ఒక ట్రయల్ నడిచింది. పక్షవాతం వచ్చినవారికి గడ్డ కరిగించే సూదిమందుతో పాటు ఇచ్చే కొత్త మందు. తయారుచేసింది ప్రభుత్వ ల్యాబ్. నాలుగు వందల పన్నెండు మంది రోగులు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉప్పునీరు. ఎవరికి ఏది ఇచ్చారో రాసిన జాబితాను కీ అంటారు. అది సీల్ వేసిన కవరులో లాకర్లో ఉంది.

"పన్నెండింటికి రిత్విక్ ఆ కవరు తెరుస్తాడు. అంతకుముందే దాన్ని మార్చేస్తారు. మందు పనిచేయలేదని తేలుతుంది. ఆ తర్వాత ఒక విదేశీ కంపెనీ పేటెంట్‌ను చవగ్గా కొంటుంది. వెనకున్న ముఠా ఎవరిదో తెలుసు. లోపలి మనిషి ఎవరో తెలీదు."

"కీ ఇంకో కాపీ?"

"ఉండేది. పోయిన నెల ఆ సర్వర్ కాలిపోయింది."

"ముగ్గురినీ సోదా చేస్తే?"

"కవరు తెరవడం చూడ్డానికి వచ్చే ఆడిటర్ ట్రయల్ రద్దు చేస్తాడు. వాళ్లకి కావాల్సిందీ అదే. ఒక్కరినైతే చప్పుడు లేకుండా పక్కకి తీసుకెళ్లొచ్చు. ఒక్కరినే. ఆ పేరు త్రినాథరావుకి తెలుసు."

భువన ఫొటోలు దగ్గరికి లాక్కుంది. ఆ పేరు తను వినాల్సిన రోజు గడిచి ఇరవై మూడు రోజులైంది.

"మూడు ఫొటోలూ చూపించాం," అన్నాడు చీఫ్. "మూడింటికీ తలూపాడు. పేర్లు చదివితే ప్రతి పేరుకీ సరే అన్నాడు. పక్షవాతంతో కుడిచెయ్యి పోయింది, రాయలేడు. నీతో ఇరవై రెండు నెలలు పనిచేశాడు. పదకొండున్నర దాకా టైముంది. నేను ఆడిటర్ అసిస్టెంటుగా లోపల ఉంటాను. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటారు. ఇదొక్కటే దారి."

ఒక జత చెవిపోగులు ఇచ్చాడు. ఎడమదానిలో మైకు, కుడిదానిలో స్పీకరు. ఫిజియోథెరపిస్టు తెల్లకోటు, ఐడీ కార్డు కూడా ఇచ్చాడు.

"ఈ చానెల్లో ఎవరెవరుంటారు?"

"నేను, నువ్వు, మనోజ్ఞ."

త్రినాథరావు డబ్బింగ్ ఆర్టిస్టు. ముప్పై ఏళ్లుగా మామలకీ మునసబులకీ తాగుబోతులకీ గొంతు ఇచ్చాడు. అందులో ఇరవై రెండేళ్లు సెక్షన్ ఏజెంటు. సమాచారం చేరవేయడానికి ఆయనకి ఒక పద్ధతి ఉంది. డబ్బింగులో సీనును ముక్కలుగా కోసి ఒక్కో ముక్కకి మాట చెప్పిస్తారు. ఆ ముక్కని లూప్ అంటారు. చెవిలో మూడు బీపులు వినిపిస్తాయి. నాలుగోది వినిపించాల్సిన చోట మాట మొదలుపెట్టాలి. రిహార్సల్లో త్రినాథరావు డైలాగులోని ఒక పేరు మార్చి చెబుతాడు. అందరూ పొరపాటనుకుంటారు. బూత్‌లో అసిస్టెంటుగా కూర్చున్న భువన ఆ పేరు గుర్తుపెట్టుకుంటుంది. టేక్‌లో డైలాగు సరిగ్గా చెబుతాడు.

ఇరవై మూడు రోజుల కిందట, ఆ రోజు పద్నాలుగో లూప్. తాగొచ్చిన మొగుడు తలుపు కొడతాడు. 'రాజమ్మా, తలుపు తియ్యి. నీ మొగుణ్ని.' రాజమ్మ స్థానంలో ద్రోహి పేరు రావాలి.

పది ఇరవైకి బీపులు పడ్డాయి. త్రినాథరావు మాట ముద్దగా వచ్చింది. పేరు అర్థం కాలేదు. సౌండ్ ఇంజినీర్ పృథ్వీరాజ్ బూత్‌లోంచి మాట్లాడే టాక్‌బ్యాక్ బటన్ నొక్కి, "సూపరుంది సార్, గట్లనే కానియ్యుండ్రి," అన్నాడు. బూత్‌లో డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు. నాలుగు టేకులు తీశారు. నాలుగోది బాగుందన్నారు. త్రినాథరావు కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నాడు. పాత్రలోంచి వెంటనే బయటికి రాకపోవడం ఆయనకి అలవాటే. ఏసీ తగ్గించి తలుపు దగ్గరికి వేశారు. రెండున్నరకి భువన టీ తీసుకెళ్లింది. ఆయన పెదవి కుడి కొస కిందికి జారి ఉంది.

ఆస్పత్రికి చేరేసరికి మూడు పది.

"ఆఖరిసారి మామూలుగా ఎప్పుడున్నారు?" అని డాక్టర్ అడిగాడు.

"పది ఇరవై."

సూదిమందుకి గడువు నాలుగున్నర గంటలు. డాక్టర్ గోడ గడియారం చూసి పెన్ను మూత పెట్టాడు. ఇరవై నిమిషాలు దాటింది.

ఈ ఉదయం భువన వెళ్తే, ఫిల్మ్‌నగర్ ఫ్లాట్ తలుపు శ్యామలాదేవి తీసింది. త్రినాథరావు భార్య. ఆమెకి భువన డబ్బింగ్ థియేటర్లో పనిచేసే అమ్మాయి, అంతే.

"రా అమ్మా. మనోజ్ఞగారు కూడా వచ్చారు."

మనోజ్ఞ మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. ఒకప్పుడు ఆరు సినిమాల్లో హీరోయిన్. ఆరింటిలోనూ గొంతు ఇంకొకరిది. తెలుగు పలకడం నేర్పింది త్రినాథరావు. ఇరవై మూడు రోజులుగా ఆమె రోజూ వస్తోంది. కింద వాచ్‌మన్ సెల్ఫీ అడిగితే నవ్వుతూ దిగి మరీ వస్తోంది.

"మాస్టారూ, భువన వచ్చింది చూడండి."

"సరే," అన్నాడు త్రినాథరావు. ఇప్పుడు ఆయనకి మిగిలిన మాట అదొక్కటే.

"ఏమైనా మాట్లాడారా?" అని భువన అడిగింది.

"పాపం, ఏముంది. సరే, సరే." మనోజ్ఞ ఆయన పెదాలు తుడిచింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "నేను వెళ్లాలి. పన్నెండింటికి పనుంది. నీకు తెలుసుగా."

ఆమె వెళ్లాక శ్యామలాదేవి సొరుగు లాగింది. బీపీ మాత్రల అట్టలు, ఒక్క మాత్రా వాడనివి.

"నిన్న దొరికాయి. ఇవి వేసుకుంటే పొడిదగ్గు వస్తోందట. టేకులో దగ్గితే లూప్ అంతా మళ్లీ చెప్పాలి కదా. మానేశారు. నాతో ఒక్క ముక్క అనలేదు. డాక్టరుగారికి చూపిస్తే, దగ్గు ఈ మాత్రకే వస్తుందమ్మా, అడిగితే వేరేది రాసేవాణ్ని కదా అన్నారు." సొరుగు మూసింది. "అడిగితే చాలట."

భువన మంచం అంచు పట్టుకుని నిలబడింది.

"అంకెలు మాత్రం చెబుతారమ్మా. నేను ఒకటి అంటే చాలు, ఇరవై దాకా గబగబా వెళ్లిపోతారు. కాఫీ కావాలని మాత్రం చెప్పలేరు. బాగా అలవాటైన మాటలు మెదడులో వేరే చోట దాక్కుంటాయట. ఎవరైనా అందిస్తే బయటికొస్తాయట."

"ఆ రోజు పొద్దున డైలాగు ప్రాక్టీసు చేశారా?"

"చేయకేం? బాత్రూంలో కుళాయి తిప్పుకుని గంటసేపు. ఒక్క ముక్క వినబడలేదు. నీళ్లు వృథా అని అరిచాను కూడా."

భువన వీల్‌చైర్ మడత విప్పింది. "అమ్మగారూ, ఆయన్ని ఒకసారి థియేటర్‌కి తీసుకెళ్తాను."

థియేటర్ పదకొండు దాకా ఖాళీ అవలేదు. పృథ్వీరాజ్ వీల్‌చైర్ చూసి కుర్చీలోంచి లేచాడు. ముందుకు రాలేదు.

"సూపర్ అన్నది నేనే గద మేడం. నిద్ర పడ్తలేదు."

"పద్నాలుగో లూప్ వెయ్యి. బీపులతో."

"గా లూపా? వద్దు మేడం. సార్‌కి మళ్ల గదే చూపిస్తరా?"

"వెయ్యి పృథ్వీ."

ఇక్కడి మాటలు చానెల్లోకి వెళ్లకుండా ఆమె మైకు ఉన్న ఎడమ చెవిపోగు తీసి చల్లారిన టీ గ్లాసులో వేసింది. త్రినాథరావు తలకి హెడ్‌ఫోన్లు పెట్టి, ఎడమచేతిని మైకు స్టాండు మీద ఉంచింది. ఆ స్టాండు ఆయనకి తెలుసు. వేళ్లు బిగుసుకున్నాయి.

తెర మీద మొగుడు తలుపు దగ్గరికి వచ్చాడు. మూడు బీపులు. త్రినాథరావు చూస్తూ ఉండిపోయాడు. లూప్ అయిపోయింది.

రెండోసారి పెదాలు కదిలాయి. శబ్దం లేదు. ఆరోసారికి చెమట పట్టింది. పృథ్వీరాజ్ అద్దంలోంచి చూడటం మానేసి తల దించుకుని బటన్ నొక్కుతున్నాడు. పదకొండు నలభై.

పదకొండోసారి మూడు బీపులు పడ్డాయి.

"మనోజ్ఞా, తలుపు తియ్యి. నీ మొగుణ్ని."

మాట ముద్దగానే ఉంది. పేరు స్పష్టంగా ఉంది. పృథ్వీరాజ్ పరుగున వచ్చాడు. "సార్ మాట్లాడిండు! మేడం, పేరు తప్పు చెప్పిండు గానీ, మాట్లాడిండు!"

"మాస్టారూ, ఇంకొకసారి," అంది భువన.

"సరే," అన్నాడు త్రినాథరావు. ఎన్ని బీపులు వేసినా ఇక ఆ ఒక్క మాటే.

చానెల్లో చెబితే మనోజ్ఞ వింటుంది. ఫోన్లు గేటు దగ్గర ఉన్నాయి. వెళ్లడమొక్కటే మిగిలింది. భువన తెల్లకోటు వేసుకుని పృథ్వీరాజ్ బైకు తాళం తీసుకుంది. "సార్‌ని ఇంటికి చేర్చు," అంది.

పదకొండు యాభై ఏడుకి పరిశోధన కేంద్రంలో లాకర్ గది బయట నడవాలో మనోజ్ఞ ఎదురైంది. భుజానికి హ్యాండ్‌బ్యాగు. నడక మామూలుగా ఉంది.

"మేడం, మాస్టారుకి మాట వచ్చింది."

మనోజ్ఞ ఆగింది. ముందు ఆమె ముఖంలో కనిపించింది సంతోషమే. భువన తర్వాత రిపోర్టులో ఆ సంగతి కూడా రాసింది.

"ఏమన్నారు?"

"మీ పేరు."

నడవా చివర ఆడిటర్ పక్కన సూర్యప్రకాశరావు ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మనోజ్ఞ అటు చూసింది, బ్యాగు జిప్పు చూసుకుంది. తీసింది. లాకర్లోంచి తీసిన అసలు కవరు, లాకర్ కార్డు భువన చేతిలో పెట్టింది.

"ఆయనకి అలా అయిందని తెలిసిన రోజు నేను ఏడ్చాను. అది నటన కాదు."

"తెలుసు. చూశాను."

సూర్యప్రకాశరావు మనోజ్ఞని చప్పుడు లేకుండా పక్కకి తీసుకెళ్లాడు. దొంగ కవరు బయటికి వచ్చి, అసలుది లాకర్లోకి వెళ్లింది. భువన తలుపు వేస్తుండగా రిత్విక్ కార్డు పట్టుకుని వచ్చాడు. పన్నెండు కావడానికి పదకొండు సెకన్లు ఉన్నాయి.

"ఫిజియోథెరపీ వాళ్లకి ఇక్కడేం పని?" అన్నాడు.

"దారి తప్పాను," అంది భువన.

మందు పనిచేసిందని ఆ సాయంత్రమే తేలింది. గడువులోపు ఇచ్చినవారిలో, ఉప్పునీరు ఇచ్చినవారికంటే వందకి పదకొండుమంది ఎక్కువగా తమ కాళ్ల మీద నడిచారు. గడువు దాటినవారికి ఎవరికీ ఇవ్వలేదు. వారి గురించి అందులో ఏమీ లేదు.

పది రోజుల తర్వాత సెక్షన్ త్రినాథరావుకి ప్రశంసాపత్రం రాసింది. ఇరవై రెండేళ్ల సేవ, రెండు పేరాలు. పైన 'రహస్యం, గ్రహీత చదివిన వెంటనే నాశనం చేయాలి' అని ముద్ర. భువన తీసుకెళ్లి ఆయన ఎడమచేతిలో పెట్టింది. త్రినాథరావు కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఆమెకే తిరిగిచ్చాడు. ఆయనకి అక్షరాలు కూడా పోయాయని ఆమెకి అప్పుడు తెలిసింది.

నియమం ప్రకారం ఆ కాగితం ఇంకెవరూ చూడకూడదు. భువన దాన్ని శ్యామలాదేవికి ఇచ్చింది.

శ్యామలాదేవి కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది. మొదటి పేరా తర్వాత ఆగి మళ్లీ మొదటినుంచి చదివింది. త్రినాథరావు ఆమెనే చూస్తున్నాడు.

"రెండు నెలలకోసారి ఔట్‌డోర్ షూటింగ్ అని బ్యాగు సర్దుకునేవారు," అంది. "డబ్బింగ్ చెప్పేవాళ్లకి ఔట్‌డోర్ ఎక్కడుంటుందమ్మా? ఇంకో ఇల్లు ఉందేమో అనుకున్నాను. ఇరవై రెండేళ్లు అనుకున్నాను. అడగలేదు. అడిగితే చెప్పేసేవారేమో." భర్త చెంప మీది తడి తన కొంగుతో తుడిచింది. "ఇప్పుడు తిడదామన్నా సరే అంటారు."

భువన చెయ్యి చాచింది. కాగితాన్ని తీసుకెళ్లి నాశనం చేసినట్టు సంతకం పెట్టాలి.

శ్యామలాదేవి దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. "మీ ఆఫీసులో తగలబెట్టానని రాసుకో అమ్మా. ఆయన ఇన్నేళ్లు నాకు చెప్పిన అబద్ధాల ముందు అదెంత?"